సముద్రం మీదికి వెళ్ళిన రాత్రి మాత్ర

నాకు ఒంటి మీద దద్దుర్లు మొదలయ్యాక మా వీధిలో ప్రతి ఒక్కరూ డాక్టరయిపోయారు. ఎదురింటావిడ దిష్టి అంది. కుళాయి దగ్గర కలిసే ఇంకొకావిడ, పోర్టు నుంచి ఎగిరొచ్చే బొగ్గుపొడి అంది. ఆ మాటలో కాస్త సబబుంది. పోర్టుని ఆనుకుని ఉన్న మా వన్ టౌన్‌లో పొద్దున తెల్ల చీర ఆరేస్తే సాయంత్రానికి అది తెల్ల చీరలా ఉండదు. నేను పాఠాలు చెప్పే బడిలో హెడ్మాస్టారు మాత్రం ఇంకో పరీక్ష పేపర్ల కట్ట నా బల్ల మీద పెడుతూ, "అదంతా టెన్షన్ వల్లమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. వీటిలో ఏ కారణం ఎవరు చెప్పినా మా అత్త తలూపేది. చేపలు, రొయ్యలు అన్న మాట మాత్రం ఎవరి నోటా రానిచ్చేది కాదు.

"రొయ్యలు పడకపోడమేటి? మా తాతల కాడ్నించి తింతన్నాం. మాలో ఎవులికైనా ఒక్క దద్దురొచ్చిందా?" అనేది.

"మీకు రాలేదత్తా, నాకొచ్చింది."

"అయితే అది నీ కన్నోరింటి కాడ్నించి తెచ్చుకున్నదే."

నా కన్నవాళ్ళది కంచరపాలెం. రైలు పట్టాల పక్కన ఇల్లు. చేపలు కొనుక్కుని తిన్నవాళ్ళమే గానీ పట్టినవాళ్ళం కాము. మా ఆయన బోటు సరంగు. అంటే బోటు నడిపేది, ఎక్కడ వల వెయ్యాలో, ఎప్పుడు తియ్యాలో చెప్పేది ఆయనే. ఇష్టపడి చేసుకున్నాం కాబట్టి సముద్రం సంగతులన్నీ పెళ్ళయ్యాకే నేర్చుకున్నాను. కొన్ని ఇప్పటికీ రాలేదు. ఎదురుగా కనబడని మనిషి గురించి భయపడకుండా ఉండడం అందులో మొదటిది.

చివరికి నేనే ఓ చర్మం డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నా చెయ్యి తిప్పి చూసి, గోటితో మెల్లగా ఒక గీత గీశారు. చూస్తుండగానే ఆ గీత ఉబ్బి ఎర్రగా లేచింది. "కారణం దొరక్కపోవచ్చమ్మా. ఇన్నాళ్ళు ఉండే దద్దుర్లకి చాలామందిలో దొరకదు. దొరక్కపోయినా అదుపులో పెట్టుకోవచ్చు" అన్నారు. నాకు ఊహలు ఎక్కువ. కారణం దొరకదంటే ఏదో పెద్ద జబ్బే అయి ఉంటుందనుకుని అడిగిందే నాలుగు విధాలుగా అడిగాను. ఆయన ఓపికగా కాదని చెప్పి రెండు మాత్రలు రాశారు. పొద్దుట వేసుకునేది ఒకటి, రాత్రి వేసుకునేది ఇంకొకటి. "రెండూ ఎలర్జీవే. పొద్దుటిది మామూలుగా మత్తు ఇవ్వదు, బడికి వెళ్ళొచ్చు. రాత్రిది గట్టిగా నిద్ర తెస్తుంది. అది వేసుకున్నాక స్టవ్ దగ్గరికి పోకండి, బండి నడపకండి. మీకు రాసింది ఇంకొకరికి ఇవ్వకండి" అన్నారు. ఆ చివరి మాట నాకు నవ్వు తెప్పించింది. దద్దుర్ల మందు ఎవరడుగుతారు నన్ను అనుకున్నాను.

మందుల షాపులో పూర్తి అట్ట కొంటే తప్ప మందు పేరు మనింటికి పూర్తిగా రాదు. కావలసినన్ని లెక్కబెట్టి కత్తెరతో కత్తిరించి ఇస్తారు. ఆ ముక్క మీద పేరులో రెండు మూడు అక్షరాలు మిగులుతాయి, మిగతావి వేరేవాళ్ళ ఇంటికి పోతాయి. నా రెండు మాత్రలూ తెల్లగా, చిన్నగా, గుండ్రంగా ఉండేవి. వెండిరంగు కాగితం కూడా ఒకలాంటిదే. నేను కలిసిపోకుండా జాగ్రత్తపడ్డాననే అనుకున్నాను. పొద్దుటి ముక్క నా బడి సంచిలో, రాత్రి ముక్క వంటింటి గట్టు మీద ఖాళీ అయిన టీపొడి డబ్బాలో. ఆ ఏర్పాటు నాకు తెలుసు. ఇంట్లో ఇంకెవరికీ చెప్పాలని తోచలేదు.

ఆ మాత్రలు నాకు చేసిన మేలు అంతా ఇంతా కాదు. అంతకుముందు నెలల తరబడి నేను నిద్రపోలేదు. జబ్బల మీద, నడుం చుట్టూ, అరికాళ్ళలో కూడా దురద. గోక్కుంటే హాయి, ఆ వెంటనే మంట. మూడో తరగతి పిల్లల ముందు బోర్డుకి వీపు రాసుకున్న రోజులున్నాయి. మాత్రలు మొదలుపెట్టిన వారానికి ఒళ్ళు నాదనిపించింది. మా అత్తకి మాత్రం అవి గిట్టలేదు. పొద్దున నేను లేవడం ఆలస్యమైతే, "మత్తుమందు తింతాది. పిలిస్తే పలకదు. ఇల్లు కాలిపోయినా లెగదు" అని గోడకి చెప్పేది. గోడ నాకు చెప్పాలని ఆమె ఉద్దేశం.

అది వానాకాలం. ఆ రోజుల్లో వలకి జెల్లీ చేపలు ఎక్కువగా తగులుతాయి. వల లాగేటప్పుడు ఆ జిగురు చేతుల మీద పడితే తట్లు లేస్తాయి. అందరికీ లేస్తాయి, అందరికీ తగ్గుతాయి. ఆసారి మా ఆయనకి తగ్గలేదు. చేపల వేట నుంచి వచ్చినప్పుడు మోచేతుల దాకా వాచి ఉన్నాయి. సున్నం రాశాడు. కొబ్బరినూనె రాశాడు. మా అత్త ఏదో ఆకు నూరి కట్టింది. నేను డాక్టరు దగ్గరికి పద అంటే, "ఎల్లొచ్చినాక సూద్దాంలే" అన్నాడు. హార్బరుకి వెళ్తే ఎండలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకున్నాడు. సరంగు చేతులు బాగాలేవని బోటు ఓనరుకి తెలిస్తే ఆ వేటకి ఇంకొకణ్ణి ఎక్కిస్తాడు. ఒకసారి ఎక్కినవాడు మళ్ళీ దిగుతాడన్న నమ్మకం లేదు. అందుకని ఇంట్లో గోక్కుని బయట చొక్కా గుండీలు పెట్టుకునేవాడు.

ఆయన నన్ను గమనిస్తున్నాడని నాకప్పుడు తెలియలేదు. పొద్దున టిఫిన్ తినగానే నేను మాత్ర వేసుకోవడం, గంట తిరక్కుండా నా దద్దుర్లు అణిగిపోవడం ఆయన చూశాడు. ఒకరోజు, "మంచి మందే ఇచ్చాడు నీ డాక్టరు" అన్నాడు. నేను పొంగిపోయాను. ఆ ఇంట్లో నా మాత్రల్ని మెచ్చుకున్నది ఆయనొక్కడే.

బోటు తెల్లవారుజామున వారం పది రోజుల వేటకి వెళ్ళింది. ఆయన ఎప్పుడు లేచాడో, ఎప్పుడు గుమ్మం దాటాడో నాకు తెలియదు. నేను మాత్ర మత్తులో ఉన్నాను.

సాయంత్రం బడి నుంచి వచ్చి, వంట చేసి, గట్టు తుడుస్తూ టీపొడి డబ్బా తీశాను. తేలిగ్గా ఉంది. మూత తీస్తే టీ వాసన తప్ప ఏమీ లేదు. నా అనుమానం నేరుగా మా అత్త మీదికి పోయింది.

"అత్తా, నా మాత్రలు పారేశావా?"

ఆమె గుమ్మంలో కూర్చుని ఎండు చేపల తలలు తీస్తోంది. తల ఎత్తలేదు. "నానెందుకు పారేత్తాను? నీ మత్తుమందు నాను ముట్టుకోను కూడా."

"మరి డబ్బాలోవి ఏమయ్యాయి?"

"నన్నడిగితే నాకేటి తెలుసు? తెల్లారగట్ల నీ మొగుడు ఆ డబ్బా తీత్తంటే సూసాను. టీ ఎట్టుకుంటాడేటో అనుకున్నాను."

నా చేతిలో మూత అలాగే ఉండిపోయింది. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. పొద్దుటి మాత్రే అనుకుని రాత్రిది పట్టుకెళ్ళాడు. దురద పెట్టినప్పుడల్లా వేసుకుంటాడు. అందులోనూ ఆయన ఏ మాత్రా ఒకటి వేసుకునే మనిషి కాదు. తలనొప్పికైనా రెండు వేసుకుంటాడు. "ఒకటి నీలాటోళ్ళకి, నాను నీకంటే రెండింతలున్నాను కదా" అంటాడు. ఆ రెండింతల మనిషి రెండు రాత్రి మాత్రలు మింగి, పట్టపగలు బోటు చుక్కాని పట్టుకుని నిలబడ్డాడన్నమాట.

బోటు మీద నిద్ర ఎలా ఉంటుందో ఆయనే చెప్పాడు. వల వేసి లాగుతూ ఉంటారు, కొన్ని గంటలకోసారి పైకి తీస్తారు, మళ్ళీ వేస్తారు. ఆ మధ్యలో దొరికిన కాస్సేపు పడుకోవాలి. అసలే నిద్ర చాలని మనిషి. దానికి తోడు పోర్టులోకి రావాల్సిన పెద్ద ఓడలన్నీ బయట లంగరు వేసుకుని ఉంటాయి. బోట్లు వాటి మధ్యలోంచే పోవాలి, రావాలి. సరంగు కన్ను కాస్త మూత పడితే చాలు, అక్కడ కొట్టుకోవడానికి ఇనప గోడలకి కొదవ లేదు. లేదా వల తాడు లాగే యంత్రం పక్కన తూలాడనుకోండి. లేదా అంచున నిలబడి ముఖం కడుక్కుంటూ తూలాడనుకోండి. నేను చెప్పానుగా, నాకు ఊహలు ఎక్కువ.

ఫోన్ చేశాను. పరిధిలో లేరని ఆ ఆడగొంతు చెప్పింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే చెప్పింది. దానికి విసుగు రాదు.

"వైర్‌లెస్‌లో చెప్పిస్తాను అత్తా. ఓనరు షెడ్డులో సెట్టు ఉంది కదా" అన్నాను.

అప్పుడు తల ఎత్తింది. "ఏటీ?"

"ఆ మాత్రలు వేసుకోవద్దని కబురు పంపిస్తాను."

"ఓలమ్మా, నీకు మతుందేటే? సంద్రంలో ఉన్నోడికి ఇంటి కాడ్నించి కబురెల్తాదా? ఎప్పుడెల్తాదో తెలుసా?"

నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది. వైర్‌లెస్‌లో బోట్లవాళ్ళు ఒకరితో ఒకరు చేపల గురించి, గాలి గురించి మాట్లాడుకుంటారు. ఓనరు ఐసు గురించి, ధర గురించి మాట్లాడతాడు. ఇంటి మనుషులు మాట్లాడరు. ఇంటి దగ్గర్నుంచి కబురు వెళ్ళిందంటే ఎవరో పోయారని అర్థం. కానుపులు కూడా చెప్పరు, ఒడ్డుకి వచ్చాకే తెలుసుకుంటారు. మా మామగారు బతికుండగా ఒకసారి అలాంటి కబురు వెళ్ళిందట, తమ్ముడు పోయాడని. ఆయన వలలు కోసేసి గాలివానలో బోటుని తోలుకొచ్చాడని మా అత్త చెబుతుంది. ఒడ్డుకి చేరేసరికి బోటు సగం నీళ్ళతో ఉందట.

"నీ బిళ్ళల కోసం ఆడి గుండె ఆపుతావేటి? ఇంటి కబురు అనగానే ఆడేటనుకుంటాడు? నాను పోయాననుకుంటాడు" అంది.

"మరి నిద్రపోయి ఓడని గుద్దేస్తే?"

"నోరుముయ్యి."

ఆ మాట అన్నది కోపంతో కాదు. ఆమె చేతిలో చేప కింద పడింది. దాన్ని తియ్యలేదు. అలాంటి మాట ఆ ఇంట్లో పైకి అనరు, నేను అనేశాను. ఆ రాత్రి ఆమె తినలేదు, నేనూ తినలేదు.

మర్నాడు బడికి వెళ్ళాను గానీ నేనేం చెప్పానో పిల్లలకే తెలియాలి. ఒకే పాఠం రెండుసార్లు చదివానట, వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి చెప్పింది. మధ్యాహ్నం భోజనాల వేళ మేడ మీదికి వెళ్ళాను. అక్కడి నుంచి సముద్రం కనిపిస్తుంది. ఓడలు వరసగా నిలబడి ఉన్నాయి, కదలకుండా, పని లేనట్టు. మామూలు రోజుల్లో వాటిని చూస్తే నాకు బాగుంటుంది. ఆ రోజు ఒక్కోదాన్నీ చూసి తిట్టుకున్నాను. అంతంత ఒళ్ళేసుకుని అక్కడెందుకు నిలబడాలి?

బడి వదిలాక మందుల షాపుకి పోయాను. రాత్రి మాత్రలు మళ్ళీ కొనాలి, అదీ నేను నాకు చెప్పుకున్న పని. షాపతను చీటీ చూసి అట్ట తీసి, కత్తెర చేతిలోకి తీసుకున్నాడు.

"ఇవి ఎవరైనా పగలు వేసుకుంటే ఏమవుతుంది?" అని అడిగాను.

"పగలెందుకేసుకుంటారు మేడం?"

"తెలీక. రెండేసి వేసుకుంటే? అలవాటు లేని మనిషి?"

అతను కత్తెర ఆపాడు. "మత్తుగా పడుంటారు మేడం. కొందరికి మర్నాడు కూడా తల దిమ్ముగా ఉంటాది. మందు గానీ తాగేరంటే ఇంకా ఎక్కువ. ఎవులేసుకున్నారు? పిల్లలేటి?"

మందు! ఆ మాట నేను అనుకోనే లేదు. మా ఆయన వేటలో తాగడు. తాగనని నాతో అంటాడు. ఇప్పుడు ఆ "అంటాడు" నాకు చాలలేదు. షాపతను ఇంకా ఏదో అడుగుతున్నాడు. నేను జవాబు చెప్పకుండా, కొనకుండా దిగి వచ్చేశాను. దారిలో గుర్తొచ్చింది, వెనక్కి వెళ్ళలేదు. ఆయన అక్కడ మత్తులో తూలుతుంటే నేనిక్కడ మాత్ర వేసుకుని హాయిగా పడుకోవాలా? సంచిలో ఉన్న పొద్దుటి మాత్ర కూడా ఆ రోజు వేసుకోలేదు. ఇది తెలివితక్కువ పని అని అప్పుడూ తెలుసు. నా దురదకీ ఆయన క్షేమానికీ ఏ సంబంధమూ లేదు. కానీ భయం పట్టినప్పుడు మనిషి ఏదో ఒకటి చెల్లించాలనుకుంటుంది. నాకు చెల్లించడానికి ఆ మాత్రలే ఉన్నాయి.

దద్దుర్లు వాటి పని అవి చేశాయి. తెల్లారేసరికి మెడ దాకా వచ్చాయి. పై పెదవి కాస్త ఉబ్బింది. అద్దంలో చూసుకుని కొంగు కప్పుకున్నాను. ఆ రోజు ఆదివారం. మా అత్త పొద్దున్నే ఎటో వెళ్ళిపోయింది. నేను ఇంక ఆగలేకపోయాను. ఆయన భయపడితే భయపడనీ. భయపడినవాడికి నిద్ర పట్టదు కదా.

హార్బరులో బోట్లు వచ్చి ఉన్నాయి, చేపలు దించుతున్నారు. బుట్టలు, ఐసు, అరుపులు. ఓనరు షెడ్డు చివర ఉంటుంది. దగ్గరికి వెళ్ళేసరికి గుమ్మం పక్కన చేపల పెట్టె మీద మా అత్త కూర్చుని ఉంది. ఎంతసేపటి నుంచి కూర్చుందో తెలియదు. లోపలికి వెళ్ళే ధైర్యం లేక, ఇంటికి వచ్చే ధైర్యమూ లేక కూర్చుందని ముఖమే చెప్పింది. నేను లోపలికి నడిస్తే నా వెనకే లేచి వచ్చింది.

సెట్టు దగ్గర గుమస్తా ఉన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళం కలిసి రావడం చూసి, తాగుతున్న టీ గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఎవులు పోయారమ్మా?" అన్నాడు మెల్లగా.

బయట బుట్టలు మోసేవాళ్ళు ఆగిపోయారు. చేపలు ఏరుతున్న ఆడవాళ్ళు తలుపు దగ్గరికి వచ్చారు. ఒకావిడ అప్పుడే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎవరూ పోలేదు. మాత్రల గురించి" అన్నాను.

"మాత్తరలా?"

చెప్పాను. చెబుతుంటే నాకే ఎంత చిన్న సంగతో అనిపించింది. వెనకాల ఎవరో నవ్వారు. "దురద బిళ్ళల కోసం వైర్‌లెస్సంట" అని ఇంకెవరో అన్నారు. గుమస్తా నవ్వలేదు. "సరంగు నిద్రపోతే నవ్వులాట కాదర్రా" అని వాళ్ళని కసిరి, మైకు తీసుకున్నాడు. మా బోటు దూరంగా ఉంది, ఇక్కడి నుంచి అందదన్నాడు. మధ్యలో ఉన్న ఇంకో బోటు పలికింది. దాని సరంగు మాట అటు చేరవేస్తాడు, అటు మాట ఇటు చెబుతాడు. గుమస్తా ముందే రెండుసార్లు చెప్పాడు, ఇంటి కాడ అందరూ బాగున్నారని, ఎవరూ పోలేదని. తర్వాత మాత్రల సంగతి చెప్పాడు. సెట్టులో గరగరమన్న చప్పుడు తప్ప కాసేపు ఏమీ వినబడలేదు.

అప్పుడా మధ్య బోటు సరంగు గొంతు వచ్చింది. "ఆ బోటోళ్ళు పలికారు. సరంగు పడుకున్నాడంట. లేపుతన్నారంట, లెగట్నేదంట."

నా చేతులు గుమస్తా బల్లని పట్టుకున్నాయి. లేవట్లేదంటే ఏమిటి? ఎప్పటి నుంచి? ఊపిరి ఉందా? ఇవన్నీ ఒకేసారి అడిగాను. గుమస్తా అందులో ఒక్కటే అడిగాడు. "సుక్కాని ఎవుల చేతిలో ఉంది?"

"బోటులో ఉన్న ముసలాయన పట్టుకున్నాడంట. నిన్న మజ్జానం సరంగు నిలబడే తూలాడంట. తాగేడనుకుని ఆళ్ళే పక్కకి తోసేసారంట."

తూలాడు. నేను ఊహించింది నిజంగా జరిగింది. ఆ మాట విని నాకు భయం తగ్గాలి, ఎవరో పట్టుకున్నారు కాబట్టి. తగ్గలేదు, పెరిగింది. ఆ ముసలాయన ఆ క్షణంలో అటు తిరిగి బీడీ ముట్టించుకుంటూ ఉండి ఉంటే? మా అత్త నా పక్కన నిలబడి సెట్టు వైపే చూస్తోంది.

"నీళ్ళు కొట్టమనండి మొహం మీద. కూర్చోబెట్టమనండి" అన్నాను. గుమస్తా చెప్పాడు. మళ్ళీ గరగర. తలుపు దగ్గర నవ్వినవాళ్ళు ఇప్పుడు నవ్వడం లేదు. ఎంతసేపు గడిచిందో చెప్పలేను. గుమస్తా టీ మీద మీగడ కట్టింది.

"లేచాడు" అంది ఆ గొంతు.

నేను కింద కూర్చుండిపోయాను. నేలంతా తడిగా, చేపల పొలుసులతో ఉంది. అయినా కూర్చున్నాను.

"లేచాడు గానీ... ఏడుత్తన్నాడంట సెల్లెమ్మా. ఇంటి కాడ్నించి కబురని ఎవుడో ముందే అనేసేడు. అమ్మ పోయిందనుకున్నాడంట. బాగున్నాదంటే నమ్మట్నేదు."

అప్పుడు మా అత్త మైకు లాక్కుంది. దాన్ని ఎలా పట్టుకోవాలో, ఏది నొక్కాలో ఆమెకి తెలియదు. గుమస్తా ఆమె వేలు మీద తన వేలు పెట్టి నొక్కాడు. "నాను బతికే ఉన్నానని సెప్పు బాబూ. నా గొంతు నువ్విన్నావని సెప్పు. ఎర్రి నాయినా, ఆ బిళ్ళలు నీకు కాదు, దాని బిళ్ళలు అవి." ఆమె అరిచి చెబుతోంది, సముద్రం దాకా తన గొంతే పోవాలన్నట్టు. ఆ చుట్టుపక్కల బోట్లన్నీ విని ఉంటాయి. సరంగు చేతులు బాగాలేవన్న సంగతి ఓనరుకి తెలిసి తీరుతుంది. ఆయన దాచుకున్నదంతా అక్కడే బయటపడిపోయింది. ఆ క్షణంలో నాకది పట్టలేదు.

అవతలి నుంచి జవాబు రావడానికి కాస్త టైం పట్టింది. మధ్య బోటు సరంగు గొంతులో ఈసారి కొంచెం మొహమాటం ఉంది, పరాయివాళ్ళ ఇంటి మాటలు మోస్తున్నందుకు కాబోలు.

"ఇంకేసుకోనంటన్నాడు. తల దిమ్ముగా ఉందంట, మరేటి నేదంట. ఆ ముసలాయన్నే నడపమన్నాడు." ఆగాడు. "సెల్లెమ్మా, నీ మాత్తరలన్నీ తెచ్చీసేడంట కదా. నీకు దద్దుర్లెలగున్నాయని అడుగుతన్నాడు."

నా చేతులు మోచేతుల దాకా ఎర్రగా లేచి ఉన్నాయి. కొంగు కింద మెడ మండుతోంది. పెదవి ఉబ్బు వల్ల మాట సరిగా పలకదేమోనని ఒకసారి లోపలే అనుకుని చూసుకున్నాను. సముద్రంలో ఉన్న మనిషికి ఏది చెప్పాలో ఈ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. నాకూ తెలుసు.

"తగ్గిపోయాయని చెప్పండన్నా. ఏమీ లేవని చెప్పండి" అన్నాను.

మా అత్త నా వైపు తిరిగింది. నా కొంగు పక్కకి తీసి మెడ చూసింది. చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. ఇన్ని నెలల్లో ఆమె నా ఒంటిని అలా చూడడం అదే మొదలు. ఆమె చేతులకి ఐసు చల్లదనం ఉంది. ఒక్క క్షణం దురద ఆగింది. తర్వాత మైకు దగ్గరికి వంగి గుమస్తా వేలు తనే నొక్కింది.

"తగ్గనేదని సెప్పు. అబద్ధమాడుతంది. దీనికి మొకమంతా వాసిపోయింది, రెండ్రోజుల కాడ్నించి నిద్ర నేదు. ఆ బిళ్ళలు సంద్రంలో పారీకండా తెచ్చీమని సెప్పు. పడుకోవాలి ఇది."